పరుపు మీద చోటు

మా కొట్లో ఎక్కడా రాసిపెట్టని నియమాలు రెండున్నాయి. అమ్మేవాడి తల కొనేవాళ్ళ తలకంటే ఎత్తులో ఉండకూడదు. కొనేవాళ్ళు లేచి నిలబడేదాకా విప్పిన చీర మడవకూడదు. మొదటిది మర్యాద. రెండోది ఒక రకం నమ్మకం. మనుషులు ఇంకా ఎదురుగా కూర్చుని ఉండగానే చీర మడిస్తే "ఇక దయచెయ్యండి" అన్నట్టే. విజయవాడ వన్‌టౌన్‌లో ఇరవై రెండేళ్ళు పట్టుచీరలు అమ్మాను. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ రెండూ నేనే నేర్పాను, నేర్చుకోనివాణ్ణి అందరి ముందూ తిట్టాను కూడా. చివరికి ఆ రెండు నియమాలే ఒక ఆషాఢమాసంలో నన్ను పరుపు మీద కట్టిపడేశాయి. ఆ సంగతి చెప్పాలంటే ముందు పరుపు గురించీ, నా నడుము గురించీ చెప్పాలి.

మాది పాతకాలపు కొట్టు. గోడ పొడవునా మనిషికొకటి చొప్పున జానెడు మందం దూది పరుపు, దాని మీద తెల్ల దుప్పటి, వెనక అరలనిండా చీరలు. అమ్మేవాళ్ళం బాసింపట్టు వేసుకుని ఆ పరుపు మీద కూర్చుంటాం. ఒకప్పుడు కొనేవాళ్ళు కూడా మాతోపాటు అక్కడే కూర్చునేవారు. లోకంలో మోకాళ్ళ నొప్పులు పెరిగాక కొనేవాళ్ళకి కుర్చీలొచ్చాయి, అమ్మేవాళ్ళకి రాలేదు. ఓనరు గారు కూడా రెండేళ్ళ కిందట గల్లాపెట్టె పక్కనున్న తన పరుపు వదిలి తిరిగే కుర్చీలోకి మారారు. కంప్యూటర్ బిల్లింగు వచ్చింది కదా, దానికి ఇదే సౌకర్యం అన్నారు. మేమూ అదే అనుకున్నాం.

నాది మూడో చోటు, ఫ్యాను కింద. మా దగ్గర పేర్ల కంటే చోట్లే గుర్తు. అక్క పెళ్ళికి కొన్నవాళ్ళు చెల్లెలి పెళ్ళికి వచ్చి "మూడో చోటాయన ఉన్నాడా" అని అడుగుతారు. ఆ మాట చెవిన పడితే నాకు ఆ పూట అన్నం అక్కర్లేదు. అరలోంచి చీర లాగాలంటే నడుము దగ్గర్నుంచి వెనక్కి తిరగాలి. విప్పి విసిరితే కొంగు సరిగ్గా కొనేవాళ్ళ మోకాళ్ళ దగ్గర వాలాలి. రోజుకి ఎన్నిసార్లు తిరిగానో, ఎన్నిసార్లు విసిరానో నేను లెక్కపెట్టలేదు, నా వెన్నుపూసలు పెట్టుకున్నాయి.

మొదట ఎడమకాలు. తుంటి దగ్గర మొదలై బొటనవేలిదాకా కరెంటు పాకినట్టుండేది. ఏడాదిన్నర పాటు మాత్రలు, బెల్టు, నూనెలు, ఎవరు ఏది చెబితే అది. చివరికి కాలు ఈడ్చే స్థితి వచ్చాక, ఎండలు ముదరకముందే ఆపరేషన్ చేయించుకున్నాను. నడుము కింది మూడు పూసల్ని కలిపి ఒకటిగా బిగించారు. ఆరు మరలు, రెండు కడ్డీలు. ఎక్స్‌రేలో అచ్చం తలుపు బందులా కనిపించింది, కాకపోతే ఇక తెరుచుకోని తలుపు. కాలి నొప్పి పోతుందనీ, నడుము నొప్పి సంగతి మాత్రం ఖాయంగా చెప్పలేననీ డాక్టరు గారు ముందే చెప్పారు. అలాగే అయింది. కాలి నొప్పి పోయింది. నడుములో ఇంకో కొత్త నొప్పి వచ్చి కూర్చుంది. పొద్దున లేవగానే ఇనుప పట్టీ బిగించినట్టుంటుంది. మధ్యాహ్నానికి కాస్త సడలుతుంది. సాయంత్రానికి, బిగించిన చోటుకి పైనున్న పూస నా వంతేదీ అని మొదలుపెడుతుంది. వంగొద్దన్నారు, బరువెత్తొద్దన్నారు, నడుము మెలితిప్పొద్దన్నారు. నేల మీద కూర్చోవడం ఇక మర్చిపొమ్మన్నారు. నేను ఏ పని చేస్తానో ఆయనకి సరిగ్గా చెప్పలేదు. బట్టల కొట్లో అన్నాను, అంతే.

ఆపరేషన్ తర్వాత నేను నిటారైపోయాను. నలభై ఏడేళ్ళ వయసులో, ప్రార్థనలో నిలబెట్టిన స్కూలు పిల్లాడిలా. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పితే చాలదు, మనిషిని మొత్తం తిప్పుకోవాలి. మేముండే కంకిపాడులోనే మా పెద్దబావగారింట్లో గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు, పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాల్సిన చోట నిలబడే చేతులు జోడించాను. ఆపరేషనైతే అయిందిగానీ వీడికి పొగరెక్కిందని ఎవరో అనడం మా ఆవిడ విన్నది. ఆవిడ నవ్వుతూ చెప్పింది, నాకు నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళందరి మోకాళ్ళ ఎత్తులో బతికినవాణ్ణి. పొగరు చూపించే ఎత్తు నాకెప్పుడు దొరికింది గనక.

ఇంట్లో చెంచా కింద పడితే అది కిందే ఉండిపోయేది. పై అరల్లోంచి చీరలు దించే కొక్కెం కర్ర ఒకటి కొట్టునుంచి తెప్పించుకుని, దానితో చెప్పులు దగ్గరికి లాక్కునేవాణ్ణి. కాలిగోళ్ళు మా ఆవిడ తీసేది. ఆవిడ కింద కూర్చుని నా కాలు ఒళ్ళో పెట్టుకుంటే సిగ్గూ కోపమూ కలిసి వచ్చేవి. సిగ్గు దాచుకుని కోపం ఆవిడ మీద చూపించేవాణ్ణి. మంచం మీంచి లేవడం కూడా ఫిజియోథెరపీ అమ్మాయి కొత్తగా నేర్పింది. దుంగలా ఒక పక్కకి దొర్లి, కాళ్ళు కిందికి వదిలి, చేత్తో తోసుకుని లేవాలి. అంటే దొర్లడానికి పక్కన చోటుంటేనే నేను లేవగలను.

రెండున్నర నెలలకి కొట్టుకి వెళ్ళి ఓనరు గారిని కలిశాను. ఆయన చెడ్డమనిషి కాదు. ఆస్పత్రికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. నా చోట్లో ఎవర్నీ కూర్చోబెట్టలేదు కూడా. మూడో చోటు ఖాళీగా ఉంది, దుప్పటి ముడత లేకుండా ఉంది. ఆయన తిరిగే కుర్చీని నా వైపు తిప్పి, నన్ను కిందనుంచి పైదాకా చూసి అన్నారు:

"శ్రావణం మొదటి ముహూర్తానికి నీ చోట్లో కూర్చోగలిగితే ఆ చోటు నీదేనయ్యా. అప్పటికీ కుదరకపోతే నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

నిలబడి అమ్మితే కుదరదా అని అడిగాను. కస్టమరు తలెత్తి మనల్ని చూడాలా అన్నారు. అది నా మాటే. కొత్తవాళ్ళకి నేను చెప్పే మాటే, ఒక్క అక్షరం తేడా లేకుండా.

బెంజ్ సర్కిల్ వైపు పెద్ద పెద్ద షోరూములున్నాయి, అక్కడ అద్దాల కౌంటర్ల వెనక నిలబడే అమ్ముతారు కదా అని ఒకచోటికి వెళ్ళి అడిగాను. మేనేజరు కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. రోజంతా నిలబడాలి, స్టాకు కట్టలు కిందనుంచి పైకి మొయ్యాలి, మీకెందుకంకుల్ ఈ శ్రమ అన్నాడు. బయటికొచ్చి కంకిపాడు బస్సెక్కాను. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాను, కూర్చుంటే స్పీడ్ బ్రేకరు దగ్గర నడుముకి నేరుగా తగులుతుంది. బందరు రోడ్డు మీద అవి ఎక్కడెక్కడున్నాయో డ్రైవరుకంటే నాకే బాగా తెలుసు. ఆ రోజు బస్సులో ఒక్కటే తేలింది. మూడో చోటు పోతే నాకింకో చోటు లేదు. చీరలు చూపించడం తప్ప నాకింకే పనీ రాదు.

మర్నాటినుంచి కూర్చోవడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా ఆవిడ అంగన్‌వాడీలో పనిచేస్తుంది, పొద్దున వెళ్తే సాయంత్రానికి వస్తుంది. ఆవిడ అటు వెళ్ళగానే ఇంట్లో ఉన్న అయిదు తలగడలూ కిటికీ పక్కన గచ్చు మీద పేర్చి, ఊచలు పట్టుకుని మెల్లిగా వాటి మీదికి దిగేవాణ్ణి. అయిదు తలగడల మీద కూర్చోవడం పీట మీద కూర్చున్నట్టే, పెద్ద విశేషమేమీ కాదు. వారం తర్వాత ఒకటి తీసేశాను. ఇంకో వారానికి ఇంకొకటి. మూడు తలగడల దగ్గర చెమటలు పట్టాయి. రెండు తలగడల దగ్గర ఎడమకాలి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం మానేసింది. రెండు తలగడలకీ, జానెడు పరుపుకీ మధ్య ఎంత తేడా ఉందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. లేవడానికి కిటికీ ఊచలే దిక్కు. కొట్లో మూడో చోటు పక్కన కిటికీ లేదు. ఆ సంగతి తెలిసి కూడా దాన్ని తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఓనరు గారు అడిగింది కూర్చోగలవా అని. లేవడం గురించి ఎవరూ అడగలేదు.

ఒకరోజు మా ఆవిడ మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. అప్పటికి నేను ఊచలు పట్టుకుని సగం లేచి, పైకీ కిందికీ కాకుండా వేలాడుతున్నాను. చంక కింద చెయ్యేసి నిలబెట్టింది. తలగడలు రెండూ దులిపి మంచం మీద పెట్టింది. భోజనం వడ్డిస్తూ అడిగింది.

"లోపలున్న మర ఒక్కటి కదిలితే మళ్ళీ కోస్తారన్నారు కదండీ డాక్టరు గారు. మీకు ఆ చోటు కావాలా, లేచి తిరగడం కావాలా?"

నేను ఒక చెడ్డమాట అన్నాను. నీ జీతం మీద నన్ను కూర్చోబెట్టి పోషిద్దామనుకుంటున్నావా అన్నాను. ఆవిడ కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. ఆవిడ అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు, భయం తప్ప.

ఆషాఢం వచ్చింది. మా దగ్గర ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. మామూలు చీరలకి డిస్కౌంటు జాతర తప్ప పెళ్ళిపట్టు విభాగం ఖాళీ. సగంమంది సెలవులు పెట్టుకుని ఊళ్ళకి వెళ్తారు. ఇంకా నెల టైముంది కదా అన్న ధైర్యంతో, అప్పటిదాకా పూటపూట కొట్టుకొచ్చి అలవాటు చేసుకుంటానని ఓనరు గారిని అడిగాను. గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్ళని లోపలికి పిలవమన్నారు. నిలబడ్డాను. నా నిలువు చూసి వచ్చేవాళ్ళు నన్నే ఓనరనుకుని నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు. ఒకాయనైతే సరుకు బాగాలేదని నాకే క్లాసు పీకాడు. పక్కచోట్లవాళ్ళు పగలబడి నవ్వారు. ఓనరు గారు నవ్వలేదు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవన్నది హిందువుల లెక్క. ఆ మాట నేను మర్చిపోకుండా ఉండాల్సింది, ఎందుకంటే క్రైస్తవుల పెళ్ళిచీరలు మా కొట్లో చూపించేది ఎక్కువగా నేనే. చర్చి పెళ్ళికి పెళ్ళికూతురు తెల్లపట్టు కడుతుంది. తెలుపంటే మా వాళ్ళలో చాలామందికి ఒకటే తెలుపు. నాకు పాలతెలుపు, దంతపు తెలుపు, మీగడ రంగు, ఫోటోలో పసుపు తేలేది, తేలనిది, తల మీద వేసే వలకి నప్పేది వేరువేరుగా తెలుసు. అందుకే ఒకరోజు పొద్దున పదిన్నరకి హనుమాన్ జంక్షన్ అవతలి ఊరినుంచి ఒక కుటుంబం దిగి, గుమ్మంలో నన్ను దాటుకుని లోపలికి వెళ్ళి, ఓనరు గారి దగ్గర నిలబడి అడిగారు. పెద్దమ్మాయి పెళ్ళికి మూడో చోటాయన చూపించాడు, ఆయనేడీ అని.

ఓనరు గారు నన్ను పిలవలేదు. రమ్మని సైగ చెయ్యలేదు. కుర్చీలోంచి నా వైపు చూశారు, అంతే. పరుపు మీద ఆ పూటకి ఉన్నది ఒక్కడే సేల్స్‌మన్, వాడు వేరే బేరంలో ఉన్నాడు. నాకు రెండు తలగడలు గుర్తొచ్చాయి. "వస్తున్నానండీ" అన్నాను.

అర పట్టుకుని దిగాను. మోకాళ్ళు వంగాయి, తుంటి వంగింది, నడుము వంగలేదు. ఆఖరి నాలుగంగుళాలు దిగడం కాదు, పడడమే. పరుపుకి ఆనగానే లోపల ఎక్కడో టక్కుమన్నట్టు అనిపించింది. విన్నానో, ఊహించుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. మర కదిలిందా? మొహం మీద నవ్వు మాత్రం కదలనివ్వలేదు. అది ఇరవై రెండేళ్ళ అలవాటు.

ఎదురుగా కుర్చీల్లో పెళ్ళికూతురు, వాళ్ళమ్మ, మేనత్త, నాయనమ్మ. నాయనమ్మది నాట్లేసి నాట్లేసి వంగిపోయిన నడుము. కుర్చీలో కూర్చున్నా గడ్డం మోకాళ్ళకి దగ్గరగా ఉంది. మిగతా ముగ్గురూ నన్ను పైనుంచి చూస్తున్నారు, మా కొట్టు మర్యాద ప్రకారం. ఆవిడ ఒక్కతే నా మొహానికి ఎదురుగా, నా ఎత్తులోనే ఉంది.

వెనక్కి తిరగలేను కాబట్టి అరల దగ్గర పనిచేసే అమ్మాయిని చీరలు అందించమన్నాను. విప్పడం మొదలుపెట్టాను. మొదటి చీర విసిరేసరికి నడుములోంచి మెడదాకా సూది పాకింది. రెండో చీరకి విసురు తగ్గించి భుజంతో నెట్టాను, కొంగు వెళ్ళి పెళ్ళికూతురి మోకాళ్ళ దగ్గరే వాలింది. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. నిజం చెప్పొద్దూ, ఆ క్షణం నాకు నొప్పి లేదు. నాకు ఈ పని వచ్చు, ఇంకా వచ్చు అన్న ఆనందమే ఉంది. అక్కడే పొరపాటు జరిగింది.

పనితనం చూపించుకోవాలన్న ఆబలో విప్పుతూనే పోయాను. వాళ్ళమ్మకి అంచు సన్నగా ఉండాలి, మేనత్తకి జరీ కనపడాలి, అమ్మాయికి బరువుండకూడదు. ఎదురుగా అయిపోతే కుడివైపు పరిచాను, కుడివైపు అయిపోతే ఎడమవైపు. నియమం ప్రకారం ఒక్కటీ మడవలేదు. గంట దాటింది, రెండు దాటాయి. ఎడమపాదం ముందు తిమ్మిరెక్కి, తర్వాత మొద్దుబారి, చివరికి నాది కాకుండా పోయింది. చొక్కా లోపల బెల్టు చెమటకి తడిసి ఒంటికి అతుక్కుంది. మధ్యలో ఓనరు గారు రెండుసార్లు కుర్చీ తిప్పి చూశారు. మూడో గంట నిండుతుండగా, ఎప్పుడూ జరిగేట్టే, మొట్టమొదట చూపించిన వాటిలోని మీగడ రంగు చీరే ఖాయమైంది. మేనత్తా తల్లీకూతుళ్ళూ లేచి బిల్లింగు దగ్గరికి వెళ్ళారు. అందించే అమ్మాయి చీర పట్టుకుని వాళ్ళ వెంట వెళ్ళింది. పక్కచోటు సేల్స్‌మన్ ఎప్పుడో భోజనానికి లేచాడు.

ఇక నేను లేవాలి. కుడిచెయ్యి కింద ఆనిద్దామని చూస్తే కింద పట్టు. ఎడమవైపు పట్టు. ముందు పట్టు. దుంగలా దొర్లాలి, కానీ నా చుట్టూ మూరెడు ఖాళీ లేదు. అన్నీ పెళ్ళిచీరలు, తెల్లవి, రేపెప్పుడో ఎవరో ఆడపిల్ల కట్టుకుని చర్చిలో నిలబడేవి. చెమట పట్టిన నా ఒళ్ళు వాటి మీద దొర్లించడమా? మడిచి దారి చేసుకుందామంటే ముందుకు వంగాలి. అర పట్టుకుందామంటే వెనక్కి తిరగాలి. ఒక్క కేక వేస్తే చాలు, బిల్లింగు దగ్గరున్న ఓనరు గారు వస్తారు. కానీ ఆ కేకతో మూడో చోటు పోతుంది. అందుకని నోరు మూసుకుని కూర్చున్నాను. ఎంతసేపని కూర్చోగలను? నలభై ఏడేళ్ళ మనిషిని, చీరల మధ్య కూర్చుని ఏడవకుండా ఉండడానికి దవడలు బిగబట్టుకున్నాను.

"లెగలేకపోతన్నావు గదా అబ్బాయ్?"

తలెత్తి చూశాను. నాయనమ్మ వెళ్ళలేదు. కుర్చీలో అలాగే ఉంది, నా మొహంలోకి చూస్తూ.

అబ్బే, చీరలు మడిచి లేద్దామని ఆగాను అన్నాను.

"మడువు మరి."

చెయ్యి చాపాను. చీర అంచుకి జానెడు ఇవతలే ఆగిపోయింది. ఇద్దరం ఆ జానెడు ఖాళీనే చూశాం.

"పొద్దుటి నుంచీ చూత్తానే ఉన్నా. ఒక్కపాలి కూడా ఎనక్కి తిరగలేదు నువ్వు," అంది. తర్వాత కుర్చీ పట్టుకుని లేచి పరుపు అంచుకొచ్చింది. ఆవిడ వంగాల్సిన పని లేదు, వంగే ఉంది. ఏ పక్కకి దొర్లాలని అడిగింది. కుడిపక్కకి అన్నాను. ఆ పక్కనున్న తెల్లచీరలు ఒక్కొక్కటే తీసి మడవసాగింది. గరుకు చేతులకి పట్టు పట్టుకుంటోంది, అయినా మడత మడతకీ అంచు కలిపింది. ఒక కొనుగోలుదారు నా ఎదుట నా చీరలు మడవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"నాదేమో లెగదు, నీదేమో వంగదు. మనిద్దరికీ కలిపి ఒక్క నడుం కూడా సరిగ్గా లేదు," అని చిన్నగా నవ్వింది.

దారి అయ్యాక దొర్లాను. మోచెయ్యి ఆనించి, మోకాళ్ళ మీదికొచ్చి, అక్కడ ఆగిపోయాను. మొద్దుబారిన కాలు నేలని పట్టుకోవడం లేదు. ఆవిడ చెయ్యి చాపింది. అందుకోబోతే వెనక్కి లాక్కుంది. చెయ్యి కాదు, మణికట్టు పట్టుకోమంది. నాట్ల కాలంలో బురదచేతులు జారిపోతాయట, గట్టెక్కించాలంటే మణికట్టే పట్టాలట. పట్టుకున్నాను. ఆవిడ మడమలు తన్నిపెట్టి వెనక్కి వాలింది. నడుములో మంట భగ్గుమంది, కళ్ళ ముందు నల్లబడింది, మరుక్షణం నిలబడి ఉన్నాను.

అప్పుడే ఓనరు గారు వచ్చారు. చేతిలో బిల్లు ఉంది, మొహం వెలిగిపోతోంది. నేను లేవడం ఆయన చూడలేదు. నిలబడి ఉండడమే చూశారు.

"శ్రావణందాకా ఎందుకయ్యా, ఇవాళే తేలిపోయింది. మూడు గంటలు కూర్చున్నావ్. రేపట్నుంచి వచ్చి నీ చోట్లో కూర్చో."

అయిదు తలగడలనుంచి రెండిటికి దిగింది ఈ మాట కోసమే. "సరేనండీ" అంటే చాలు. ముసలావిడ ఇంకా నా మణికట్టు వదల్లేదు. మా ఆవిడ అడిగిన మాట గుర్తొచ్చింది, ఆవిడకి నేను బాకీపడ్డ జవాబు గుర్తొచ్చింది.

"కూర్చోగలనండీ," అన్నాను. "లేవలేను."

ఓనరు గారికి అర్థం కాలేదు. నా వంక, ముసలావిడ వంక, పరుపు మీద ఒక పక్కనే మడతలు పెట్టి ఉన్న చీరల వంక చూశారు. నెమ్మదిగా మొహంలో వెలుగు తగ్గింది. మరి మూడు గంటలెలా కూర్చున్నావని అడగబోయి ఆగారు. ఆ ఆగిన చోట ముసలావిడ అందుకుంది.

"తమరు మాత్రం ఆ కుర్సీలోకెందుకు మారారు బాబూ?"

అందులో వెటకారం లేదు. ఊరికే, తెలియక అడిగినట్టే అడిగింది. ఓనరు గారు కంప్యూటరు అని ఏదో మొదలుపెట్టారు. మాట పూర్తి కాలేదు. ఆయన చెయ్యి ఆయనకి తెలియకుండానే మోకాలి మీదికి వెళ్ళింది. రెండేళ్ళుగా ఆ మనిషి కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగడం రోజూ చూస్తూనే ఉన్నాను. నా కళ్ళకి అది దర్జాగా కనిపించింది.

తర్వాతి వారం ఎక్స్‌రే తీశారు, మరలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. డాక్టరు గారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మా ఆవిడ పక్కనే ఉండి ఒక్కటీ వదలకుండా విన్నది. శ్రావణానికి రెండు రోజుల ముందు ఓనరు గారు మూడో చోట్లో పరుపు తీయించి, నిలబడి చీర పరిచేలా ఎత్తు బల్ల వేయించారు. పరుపు ఎత్తుతుంటే నేను అక్కడే ఉన్నాను. దుప్పటి తీశాక చూస్తే, నేను కూర్చునే చోట దూది గట్టిపడి పెద్ద మూకుడంత గుంట పడి ఉంది. ఓనరు గారు దాన్ని చూసి, దూది ఏకిస్తే ఇంకో పరుపుకి పనికొస్తుందన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఈసారి ఆపుకోలేదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని ఆ పరుపుని గుమ్మం దాటిస్తుంటే, నేను పక్కకి జరిగి నిటారుగా నిలబడి దారిచ్చాను.